సర్టిఫికెట్ పెట్టాక కూడా ‘నాట్ సెక్యూర్’ ఎందుకు? హోస్టింగ్ సైట్లలో చిక్కు ఎక్కడ పడుతోంది

క్లుప్తంగా: వెబ్‌సైటుకు సెక్యూరిటీ సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఇప్పుడు ఖరీదైన పని కాదు, పెద్ద కష్టమూ కాదు. డొమైన్ (సైటు పేరు) ఒకచోట, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్) ఇంకోచోట, సర్టిఫికెట్ జారీ మరోచోట ఉండటం వల్లే ఎక్కువ చిక్కులు వస్తున్నాయి. ఒకరి దగ్గర జరిగిన మార్పు మరొకరికి తెలియదు. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2029 నాటికి 47 రోజులకు దిగుతుంది కాబట్టి, ఇన్నాళ్లూ ఏడాదికోసారి బయటపడిన లోపాలు ఇక నెలకో, నెలన్నరకో ఎదురవుతాయి.

హోస్టింగ్ ప్యానెల్ తెరిస్తే సైటు పేరు పక్కన పచ్చ టిక్కు ఉంటుంది. ‘ఎస్‌ఎస్‌ఎల్ యాక్టివ్’ అని రాసి ఉంటుంది. అదే సైటును బ్రౌజర్‌లో తెరిస్తే అడ్రస్ పక్కన ‘నాట్ సెక్యూర్’ అని కనిపిస్తుంది. ఒక్కోసారి కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంటుంది, ఫోన్ యాప్‌లో హెచ్చరిక వస్తుంది. ఇంకోసారి మూడు నెలలు చక్కగా నడిచి, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఒక ఉదయం ఆగిపోతుంది. సపోర్ట్‌కు రాస్తే ‘మా వైపు అంతా సరిగానే ఉంది’ అని జవాబు వస్తుంది. ఆ జవాబు చాలాసార్లు నిజమే. సైటు యజమానికి ఇది ఇంత టెన్షన్ పెట్టడానికి కారణమూ అదే. ఎవరిని అడిగినా వాళ్ల భాగం సరిగానే ఉంటుంది, భాగాలు కలిసే చోట తేడా ఉంటుంది.

ఇది పట్టించుకోకుండా వదిలేసే వీలు కూడా ఇప్పుడు లేదు. 2014లో గూగుల్ తన సెర్చ్ ర్యాంకింగ్‌లో హెచ్‌టీటీపీఎస్‌ను, అంటే సర్టిఫికెట్ సాయంతో భద్రంగా నడిచే పద్ధతిని, ఒక అంశంగా చేర్చింది. 2018 జులైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి, హెచ్‌టీటీపీఎస్ వాడని ప్రతి సైటుపైనా ‘నాట్ సెక్యూర్’ ముద్ర పడుతోంది. పాస్‌వర్డ్ అడగని, డబ్బు తీసుకోని, నాలుగు పేజీల సమాచార సైటుకైనా అదే లెక్క.

## సర్టిఫికెట్‌లో ఏముంటుంది

సర్టిఫికెట్ ఒక రహస్య ఫైల్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎవరైనా తెరిచి చూడగల పత్రం. సైటు పేరు, ఆ సైటు పబ్లిక్ కీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందన్న వివరం, జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకం అందులో ఉంటాయి. రహస్యంగా ఉండాల్సింది దానికి జతగా సర్వర్‌లో ఉండే ప్రైవేట్ కీ ఒక్కటే. ప్యానెల్‌లో సీఎస్‌ఆర్ తయారు చేసే బటన్ నొక్కినప్పుడు మామూలుగా ఈ కీల జంట పుడుతుంది. ప్రైవేట్ కీ అక్కడే ఉండిపోతుంది, సీఎస్‌ఆర్ అనే దరఖాస్తు జారీ సంస్థకు వెళ్తుంది. ఒక సర్వర్‌లో సీఎస్‌ఆర్ తీసి, వచ్చిన సర్టిఫికెట్‌ను ఇంకో సర్వర్‌లో అతికిస్తే ‘కీ సరిపోలలేదు’ అనే ఎర్రర్ వచ్చేది ఇందుకే. ఆ కీ పోతే సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు, మళ్లీ జారీ చేయించుకోవాల్సిందే.

సైటు తెరిచిన ప్రతిసారీ బ్రౌజర్ ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. అడ్రస్ బార్‌లో ఉన్న పేరు ఈ పత్రంలో ఉందా? ఈ రోజు గడువు లోపలే ఉందా? సంతకం చేసిన సంస్థను నమ్మడానికి దారి ఉందా? హెచ్చరికల భాష ఎన్ని రకాలుగా ఉన్నా, సర్టిఫికెట్ ఎర్రర్లు దాదాపుగా ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరకే వచ్చి ఆగుతాయి. హెచ్చరిక పేజీలో కనిపించే ఎర్రర్ కోడ్ ఏ ప్రశ్నకు సంబంధించినదో గుర్తిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది.

డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడమే, అంటే దారిలో ఎవరూ చదవలేకుండా మార్చడమే ముఖ్యమైతే ఇంత తతంగం అక్కర్లేదు. సర్వర్ తనకు తానే సంతకం చేసుకున్న సర్టిఫికెట్‌తో కూడా ఎన్‌క్రిప్షన్ జరుగుతుంది. కానీ అవతల ఉన్నది ఎవరో తెలియకుండా పోతుంది. కవరుకు ఎంత గట్టి సీలు వేసినా, దాన్ని దొంగ చేతికే ఇస్తే సీలు వల్ల లాభం లేదు. అందుకే బయటి సంస్థ ఒకటి ‘ఈ పేరు వీళ్ల అదుపులోనే ఉంది’ అని నిర్ధారించి సంతకం పెట్టాలి. అది నిర్ధారించేది అంతవరకే. సైటు నడిపేవాళ్లు మంచివాళ్లా, మోసగాళ్లా అన్నది మామూలు సర్టిఫికెట్ చెప్పదు. తాళం గుర్తు చూసి ‘ఈ సైటును నమ్మొచ్చు’ అని జనం పొరపడుతున్నారనే 2023లో క్రోమ్ 117 నుంచి ఆ గుర్తు స్థానంలో వేరే గుర్తు పెట్టారు.

పేరు విషయంలోనూ ఒక గందరగోళం ఉంది. ఎస్‌ఎస్‌ఎల్ అనేది 1990లలో నెట్‌స్కేప్ తయారు చేసిన పద్ధతి. 1999లో దాని స్థానంలో టీఎల్‌ఎస్ వచ్చింది. ఎస్‌ఎస్‌ఎల్ చివరి వెర్షన్‌లో 2014లో పూడుల్ అనే లోపం బయటపడ్డాక దాన్ని అందరూ వదిలేశారు. ఇప్పుడు నడుస్తున్నవి 2008 నాటి టీఎల్‌ఎస్ 1.2, 2018 నాటి టీఎల్‌ఎస్ 1.3. అయినా అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అలవాటుగా ‘ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్’ అనే అంటున్నారు. ఏ వెర్షన్ వాడాలన్నది సర్వర్ సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. కొత్త సర్టిఫికెట్ కొన్నంత మాత్రాన సర్వర్‌లో పాత వెర్షన్లు మూతపడవు.

## డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట

ఒక చిన్న సైటును తీసుకున్నా దాని వెనుక కనీసం మూడు పక్షాలు ఉంటాయి. డొమైన్ రిజిస్టర్ చేసిన కంపెనీ, ఫైళ్లు ఉన్న హోస్టింగ్ కంపెనీ, సర్టిఫికెట్ జారీ చేసే సంస్థ. చాలా సైట్లకు నాలుగోది కూడా ఉంటుంది: మధ్యలో నిలబడి పేజీలను వేగంగా అందించే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ. వీటిని కలిపే దారం డీఎన్‌ఎస్. ఈ పేరు అడిగితే ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే రికార్డులు అందులోనే ఉంటాయి. ఆ రికార్డులు రిజిస్ట్రార్ దగ్గర ఉన్నాయా, హోస్టింగ్ దగ్గర ఉన్నాయా, మధ్య సేవ దగ్గర ఉన్నాయా అన్నది చాలామంది సైటు యజమానులకు తెలియదు. డొమైన్ ఏ నేమ్‌సర్వర్లను చూపిస్తోందో, అక్కడి రికార్డులే చెల్లుతాయి. మిగతా చోట్ల ఎన్ని మార్పులు చేసినా అవి ఎవరికీ కనిపించవు.

మూడూ ఒకే కంపెనీ దగ్గర ఉంటే బటన్ నొక్కితే పని అయిపోతుంది. విడిపోతే మాత్రం ఒక చోట అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకో చోట పెట్టాలి. సర్టిఫికెట్ పెట్టడంలో సైటు యజమాని ముందుగా తెలుసుకోవాల్సింది నిజానికి ఈ ఒక్క సంగతే, ట్యుటోరియల్స్ మాత్రం దీన్ని తేలిగ్గా దాటేస్తాయి.

## పేరు ఎవరిదో ఎలా తేలుస్తారు

మామూలు సర్టిఫికెట్‌కు జారీ సంస్థ గుర్తింపు కార్డులు అడగదు. ‘ఈ పేరు మీ అదుపులో ఉంటే ఈ చిన్న పని చేసి చూపించండి’ అంటుంది. సైటులోని ఒక నిర్ణీత ఫోల్డర్‌లో తానిచ్చిన ఫైల్ పెట్టమనడం ఒక పద్ధతి. డీఎన్‌ఎస్‌లో తానిచ్చిన అక్షరాలతో ఒక టీఎక్స్‌టీ రికార్డ్ చేర్చమనడం రెండోది. డొమైన్‌కు చెందిన అడ్మిన్, వెబ్‌మాస్టర్ వంటి చిరునామాలకు మెయిల్ పంపే పద్ధతీ ఉంది. మొదటి రెండింటినీ మనిషి ప్రమేయం లేకుండా నడిపించే ఏసీఎంఈ అనే ప్రోటోకాల్ 2019లో ప్రమాణంగా వెలువడింది. 2015 డిసెంబర్‌లో అందరికీ తెరుచుకున్న ఉచిత జారీ సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ దీని మీదే నడుస్తోంది. సీప్యానెల్ అనే హోస్టింగ్ ప్యానెల్‌లోని ఆటోఎస్‌ఎస్‌ఎల్ లాంటి సదుపాయాలు కూడా తెర వెనుక ఈ తరహా తనిఖీలే చేస్తాయి.

వినడానికి సులభంగా ఉన్నా ఫైల్ పద్ధతి ఎన్నో చోట్ల తడబడుతుంది. ఆ తనిఖీ మొదట 80వ పోర్ట్ మీద, అంటే మామూలు హెచ్‌టీటీపీ మీద జరుగుతుంది. ‘హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, 80 ఎందుకు’ అని ఫైర్‌వాల్‌లో దాన్ని మూసేస్తే ఆ పద్ధతిలో రిన్యువల్ ఆగిపోతుంది. తనిఖీ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలవుతుంది. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను దాచేసే సెక్యూరిటీ ప్లగిన్లు, నియమాలు ఉన్నాయి, అవి తనిఖీకి వచ్చినవాళ్లను వెనక్కి పంపేస్తాయి. ఇంకా తయారవుతున్న సైటుకు మొత్తంగా పాస్‌వర్డ్ పెట్టినా అంతే.

కొన్ని దేశాల నుంచి వచ్చే ట్రాఫిక్‌ను ఆపేసిన సైట్లకు మరో చిక్కు ఉంది. దారి మధ్యలో ఎవరైనా నెట్‌వర్క్‌ను మళ్లించి మోసం చేసే అవకాశం ఉండటంతో, లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2020 నుంచి ఒకే తనిఖీని నెట్‌వర్క్‌లోని పలు చోట్ల నుంచి చేస్తోంది. వాటిలో కొన్నింటికి సైటు తెరుచుకోకపోతే సర్టిఫికెట్ రాదు. యజమాని తన కంప్యూటర్‌లో చూసుకుంటే సైటు దివ్యంగా ఉంటుంది.

అన్నిటికంటే మోసపుచ్చేది పాత ఐపీవీ6 రికార్డ్. సర్వర్‌కు ఉండే ఐపీ చిరునామాల్లో ఐపీవీ4 పాత రకం, ఐపీవీ6 కొత్త రకం. సైటును కొత్త హోస్టింగ్‌కు మార్చినప్పుడు ఐపీవీ4 చిరునామా చెప్పే ‘ఏ’ (A) రికార్డ్‌ను మారుస్తారు, ఐపీవీ6 చిరునామా చెప్పే నాలుగు ఏల (AAAA) రికార్డ్‌ను మరిచిపోతారు. ఐపీవీ4 నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకు కొత్త సైటు కనిపిస్తుంది. ఐపీవీ6 చిరునామా ఉంటే ముందు దాన్నే చూసే తనిఖీ సర్వర్ పాత హోస్టింగ్ తలుపు తడుతుంది. అక్కడ ఫైల్ ఉండదు. సీఏఏ రికార్డ్ కూడా ఇలాంటిదే. ఈ డొమైన్‌కు ఫలానా సంస్థ మాత్రమే సర్టిఫికెట్ ఇవ్వాలని చెప్పే ఆ రికార్డ్‌ను చూడటం 2017 సెప్టెంబర్ నుంచి జారీ సంస్థలన్నింటికీ తప్పనిసరి. ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిన సీఏఏ రికార్డ్ కొత్త సంస్థను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

విఫలమైనప్పుడు పదేపదే బటన్ నొక్కడం వల్ల పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. ఒకే పేర్ల జాబితాకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారంలో ఐదు సర్టిఫికెట్లే ఇస్తుంది. ఒక పేరుకు గంటలో ఐదుసార్లు తనిఖీ విఫలమైతే ఆ ఖాతాను కాసేపు ఆపుతుంది. ప్రయోగాలు చేసుకోవడానికి వేరే టెస్ట్ సర్వర్‌ను ఆ సంస్థే నడుపుతోంది, మొదటి ప్రయత్నాలు అక్కడ చేసుకోవడం మేలు.

## సైటు మార్చే రోజున వచ్చే ఇరకాటం

హోస్టింగ్ మార్చేటప్పుడు ఎదురయ్యే సమస్యను విడిగా చెప్పుకోవాలి. అక్కడ తప్పు ఎవరిదీ కాదు, వరుస క్రమమే అడ్డం తిరుగుతుంది. డొమైన్ కొత్త సర్వర్‌ను చూపిస్తేనే ఫైల్ తనిఖీ పాసవుతుంది, సర్టిఫికెట్ వస్తుంది. డొమైన్ కొత్త సర్వర్‌ను చూపించిన క్షణం నుంచే సందర్శకులు కూడా అక్కడికి వస్తారు, అప్పటికింకా సర్టిఫికెట్ ఉండదు. ఆ మధ్య కాలంలో వచ్చినవాళ్లందరికీ పెద్ద హెచ్చరిక పేజీ ఎదురవుతుంది. డీఎన్‌ఎస్ మార్పు అందరికీ ఒకేసారి చేరదు. పాత రికార్డ్‌ను ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే టీటీఎల్ గడువు తీరేదాకా కొందరు పాత సర్వర్‌కు, కొందరు కొత్త సర్వర్‌కు వెళ్తుంటారు.

దీనికి రెండు దారులున్నాయి. పాత సర్వర్‌లోని సర్టిఫికెట్‌ను, దాని ప్రైవేట్ కీతో సహా కొత్త సర్వర్‌లోకి ముందే తెచ్చిపెట్టుకోవడం ఒకటి. గడువు మిగిలి ఉంటే అది కొత్త చోట కూడా చక్కగా పనిచేస్తుంది. సర్టిఫికెట్ ఐపీ చిరునామాకు కాకుండా పేరుకు కట్టుబడి ఉండటమే దానికి కారణం. టీఎక్స్‌టీ రికార్డ్ పద్ధతిలో ముందుగానే కొత్త సర్టిఫికెట్ తీసుకోవడం రెండోది. ఆ తనిఖీకి సైటు ఎక్కడున్నదీ అక్కర్లేదు. రెండింటిలో ఏది ఎంచుకున్నా, మార్పుకు ఒకటి రెండు రోజుల ముందే టీటీఎల్ తగ్గించి పెట్టుకుంటే అయోమయం ఉండే సమయం గంటల నుంచి నిమిషాలకు వస్తుంది.

## వేరేవాళ్ల సర్టిఫికెట్ కనిపించడం

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఐపీ చిరునామా మీద వందల సైట్లు ఉంటాయి. ఒకప్పుడు ప్రతి హెచ్‌టీటీపీఎస్ సైటుకూ సొంత ఐపీ కొనాల్సి వచ్చేది. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేలోపు సందర్శకుడికి ఏ సైటు కావాలో సర్వర్‌కు తెలిసే వీలు లేకపోవడమే కారణం. 2003లో ప్రమాణంలోకి వచ్చిన ఎస్‌ఎన్‌ఐ ఈ చిక్కు తీర్చింది. బ్రౌజర్ తొలి పలకరింపులోనే పేరు చెబుతుంది, సర్వర్ ఆ పేరుకు తగ్గ సర్టిఫికెట్ తీసి చూపిస్తుంది. ఆ పేరుకు తన దగ్గర సర్టిఫికెట్ లేకపోతే చాలా సర్వర్లు డిఫాల్ట్‌గా ఉన్నది చూపించేస్తాయి. సైటు తెరిస్తే హోస్టింగ్ కంపెనీ పేరో, ముక్కూ మొహం తెలియని ఇంకో సైటు పేరో ఉన్న సర్టిఫికెట్ వచ్చిందంటే సాధారణంగా హ్యాకింగ్ జరిగినట్టు కాదు. ఈ పేరుకు ఇంకా ఏదీ అమర్చలేదని అర్థం.

పేరు దగ్గర ఇంకో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు సర్టిఫికెట్ దృష్టిలో రెండు వేర్వేరు పేర్లు, రెండూ జాబితాలో ఉండాలి. స్టార్ గుర్తుతో వచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ ఒక్క మెట్టు సబ్‌డొమైన్లకే వర్తిస్తుంది. రెండో మెట్టుకు చెల్లదు, అసలు డొమైన్‌కు కూడా దానంతట అది చెల్లదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో వైల్డ్‌కార్డ్ కావాలంటే డీఎన్‌ఎస్ పద్ధతిలోనే నిరూపించాలి.

## మధ్యలో తెగిన గొలుసు

కంప్యూటర్‌లో పనిచేసి వేరే చోట పనిచేయని సైట్లలో ఎక్కువ భాగం ఈ కోవకే వస్తాయి. జారీ సంస్థ తన మూల సర్టిఫికెట్‌తో నేరుగా సైట్లకు సంతకం చేయదు. మధ్యలో ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది. మూలం బ్రౌజర్ దగ్గరో, ఫోన్ దగ్గరో ముందే ఉంటుంది. మధ్యది మాత్రం సర్వర్ తానే పంపాలి. చేత్తో సర్టిఫికెట్ అతికించేవాళ్లు సైటు సర్టిఫికెట్ ఒక్కటే పెట్టి, ఈ మధ్య సర్టిఫికెట్ కోసం సీఏ బండిల్ అని రాసి ఉన్న పెట్టెను ఖాళీగా వదిలేస్తారు. కొన్ని బ్రౌజర్లు తప్పిపోయిన లింకును తామే వెతికి తెచ్చుకుంటాయి, కాబట్టి యజమానికి ఏ తేడా కనిపించదు. చాలా మొబైల్ యాప్‌లు, పేమెంట్ సమాచారం పంపే సర్వర్లు, ఇతర ప్రోగ్రామ్‌లు అంత శ్రమ తీసుకోవు, నేరుగా తిరస్కరిస్తాయి. ‘సైటు బాగానే ఉంది, పేమెంట్ కన్ఫర్మేషన్ మాత్రం రావట్లేదు’ అనే ఫిర్యాదు వస్తే గొలుసును కూడా చూడాలి.

గొలుసు అవతలి కొస నుంచి కూడా తెగుతుంది. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు ముగిసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ తొలి రోజుల్లో దాని ఊతంతోనే నిలబడింది. ఆ రోజున సైట్లలో ఏ మార్పూ లేకపోయినా, అప్‌డేట్ లేని పాత పరికరాలు, పాత సాఫ్ట్‌వేర్ ఎన్నో వాటిని నమ్మడం మానేశాయి.

## సర్టిఫికెట్ సరిగా ఉన్నా ముద్ర పోకపోతే

సర్టిఫికెట్ అమర్చడం అంటే 443వ పోర్ట్ అనే కొత్త తలుపు తెరవడం. పాత తలుపు దానంతట అది మూసుకోదు. హెచ్‌టీటీపీ అడ్రస్‌తో వచ్చినవాళ్లను హెచ్‌టీటీపీఎస్‌కు పంపే 301 రీడైరెక్ట్ విడిగా పెట్టాలి. పేజీలో కొన్ని బొమ్మలు, స్క్రిప్టులు ఇంకా పాత అడ్రస్‌తోనే పిలుస్తుంటే మిక్స్‌డ్ కంటెంట్ సమస్య వస్తుంది. స్క్రిప్టులను బ్రౌజర్ పూర్తిగా ఆపేస్తుంది, పేజీ చెదిరిపోతుంది. వర్డ్‌ప్రెస్ లాంటి వాటిలో పాత అడ్రస్‌లు డేటాబేస్‌లో నిల్వ ఉంటాయి కాబట్టి అక్కడ మార్చాలి.

మధ్య సేవ ఉన్న సైట్లలో అంతులేని రీడైరెక్ట్ ఎర్రర్ చాలామందిని బెంబేలెత్తిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్‌లో ఫ్లెక్సిబుల్ అనే మోడ్ ఉంది. సందర్శకుడి నుంచి క్లౌడ్‌ఫ్లేర్ దాకా ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, అక్కడి నుంచి అసలు సర్వర్ దాకా మామూలు హెచ్‌టీటీపీయే. అసలు సర్వర్ ఆ హెచ్‌టీటీపీ అభ్యర్థన చూసి ‘హెచ్‌టీటీపీఎస్‌లో రండి’ అంటుంది. మధ్య సేవ మళ్లీ హెచ్‌టీటీపీలోనే అడుగుతుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది. రీడైరెక్ట్ తీసేస్తే ఎర్రర్ పోతుంది కానీ అది మంచి పరిష్కారం కాదు. దారిలో సగభాగం డేటా బట్టబయలుగా ప్రయాణిస్తుంది, సందర్శకుడికి మాత్రం అంతా భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు సర్వర్‌లోనూ సర్టిఫికెట్ పెట్టి, దాన్ని తనిఖీ చేసే ఫుల్ స్ట్రిక్ట్ మోడ్‌కు మారడమే సరైన పని.

## డబ్బు పెట్టి కొంటే తేడా ఏమిటి

ఉచితంగా వచ్చినా కొన్నా ఎన్‌క్రిప్షన్ బలం ఒక్కటే. తేడా నిర్ధారణలో ఉంటుంది. ఉచితంగా వచ్చేవి ఆ పేరు అడిగినవాళ్ల అదుపులో ఉందని మాత్రమే నిర్ధారిస్తాయి. ఎక్కువ ధర పెట్టి కొనే ఓవీ (సంస్థ నిర్ధారణ), ఈవీ (మరింత విస్తృత నిర్ధారణ) రకాల్లో సంస్థ వివరాలు కూడా చూస్తారు. ఒకప్పుడు ఈవీ సర్టిఫికెట్ ఉంటే అడ్రస్ బార్‌లో కంపెనీ పేరు కనిపించేది. 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాన్ని అక్కడి నుంచి తీసేశాయి. మామూలు సందర్శకుడికి ఇప్పుడు ఏ తేడా కనిపించదు. సంస్థాగత నిబంధనలు అడిగితేనో, జారీ సంస్థ సపోర్ట్ కావాలనుకుంటేనో కొనడంలో అర్థం ఉంది. చిన్న సైటుకు ‘ఎక్కువ భద్రత’ పేరుతో అంటగట్టే సర్టిఫికెట్ వల్ల అదనంగా ఒరిగేది లేదు.

ఇక్కడ ఒక కొత్త అపార్థం కూడా మొదలవుతోంది. ఏడాదికో, మూడేళ్లకో సర్టిఫికెట్ కొంటే ఆ కాలమంతా ఒకే సర్టిఫికెట్ పనిచేస్తుందని కొనేవాళ్లు అనుకుంటారు. డబ్బు కట్టింది చందాకు మాత్రమే. అందులో ఒక్కో సర్టిఫికెట్ నిబంధనలు అనుమతించిన గడువు దాకే చెల్లుతుంది, మధ్యమధ్యలో మళ్లీ జారీ చేయించుకుని మళ్లీ అమర్చాలి. ‘ఇంకా చందా ఉంది కదా, ఎందుకు ఆగింది’ అనే ప్రశ్నకు జవాబు ఇదే.

## గడువు ఎందుకు కుదిస్తున్నారు

జారీ సంస్థలు, బ్రౌజర్ తయారీదారులు కలిసి కూర్చునే వేదిక సీఏ బ్రౌజర్ ఫోరం. 2015 నుంచి 39 నెలలుగా ఉన్న గరిష్ఠ గడువు 2018లో 825 రోజులకు, ఆపిల్ నిర్ణయంతో 2020 సెప్టెంబర్‌లో 398 రోజులకు తగ్గింది. 2025 ఏప్రిల్‌లో ఫోరం ఆమోదించిన ప్రతిపాదన ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. ఈ ప్రతిపాదన తెచ్చింది కూడా ఆపిలే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన 90 రోజుల సర్టిఫికెట్లను 2028లో 45 రోజులకు తగ్గిస్తామని ప్రకటించింది.

కారణం తెలియాలంటే సర్టిఫికెట్ రద్దు ఎలా జరుగుతుందో చూడాలి. ప్రైవేట్ కీ దొంగిలిస్తేనో, సర్టిఫికెట్ తప్పుగా జారీ అయితేనో దాన్ని రద్దు చేయవచ్చు. ఆ కబురు బ్రౌజర్‌కు చేరడమే కష్టం. రద్దయిందా లేదా అని జారీ సంస్థను అడిగే ఓసీఎస్‌పీ పద్ధతిలో జవాబు రాకపోతే చాలా బ్రౌజర్లు ‘సరేలే’ అని ముందుకు వెళ్లిపోతాయి. పైగా ఎవరు ఏ సైటు చూస్తున్నారో జారీ సంస్థకు తెలిసిపోతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 ఆగస్టులో తన ఓసీఎస్‌పీ సేవను ఆపేసింది. రద్దు గట్టిగా పనిచేయనప్పుడు, చెడ్డ సర్టిఫికెట్ త్వరగా కాలం తీరిపోయేలా చూడటమే మిగిలిన మార్గం.

ఈ భయం ఊహల్లోంచి వచ్చింది కాదు. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ అనే జారీ సంస్థలోకి చొరబడినవాళ్లు గూగుల్ సహా ఎన్నో పేర్లతో నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటిలో గూగుల్ పేరిట ఉన్నదాన్ని ఇరాన్‌లోని వినియోగదారుల మీద నిఘాకు వాడారు. బ్రౌజర్లు ఆ సంస్థను నమ్మకమైన జాబితా నుంచి తొలగించాయి, కొద్ది రోజుల్లోనే అది దివాలా తీసింది. 2014లో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం వల్ల సర్వర్ల ప్రైవేట్ కీలే బయటికి పొక్కే ప్రమాదం ఏర్పడింది. మరో కారణం చాలా మామూలుది. డొమైన్లు చేతులు మారుతుంటాయి. పేరు అమ్మేసిన పాత యజమాని దగ్గర ఆ పేరు మీద చెల్లే సర్టిఫికెట్ ఏడాది పాటు ఉండిపోయేది.

గడువు కంటే గట్టి మార్పు ఇంకొకటి అదే ప్రతిపాదనలో ఉంది. ఒకసారి చేసిన డొమైన్ నిర్ధారణను ఎన్నాళ్లు మళ్లీ వాడుకోవచ్చన్న పరిమితి కూడా దశలవారీగా తగ్గి 2029లో 10 రోజులకు చేరుతుంది. అంటే ప్రతి రిన్యువల్‌కూ నిర్ధారణ మళ్లీ మొదటి నుంచి జరగాలి. టీఎక్స్‌టీ రికార్డ్‌ను చేత్తో చేర్చి, సర్టిఫికెట్‌ను చేత్తో అతికించే పద్ధతి అప్పటికి ఆచరణలో సాధ్యం కాదు.

## ఎవరికి ఎంత భారం

సైట్ బిల్డర్ల మీద నడిచే సైట్ల యజమానులకు ఈ మార్పు దాదాపుగా తెలియకుండానే జరిగిపోతుంది. షేర్డ్ హోస్టింగ్‌లో ఆటోమేటిక్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు, డీఎన్‌ఎస్ సరిగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఆటోమేటిక్ సదుపాయం లేని ప్లాన్‌లో ఉండి, కొన్న సర్టిఫికెట్‌ను చేత్తో పెట్టుకునేవాళ్ల మీద భారమంతా పడుతుంది. 398 రోజుల కాలంలో ఏడాదికి ఒకసారి చేసిన పని, 47 రోజుల కాలంలో కనీసం ఎనిమిదిసార్లు చేయాలి. చివరి రోజు దాకా ఆగకుండా నెలకోసారి చేస్తే పన్నెండుసార్లు. పది, ఇరవై మంది క్లయింట్ల సైట్లు చూసుకునే చిన్న ఏజెన్సీలకు ఇది పూర్తిస్థాయి పనే అవుతుంది. అలాంటి హోస్టింగ్ నుంచి మారడం గురించి ఇప్పుడే ఆలోచించడం సమంజసం.

సొంత సర్వర్ నడిపేవాళ్లు సర్టిఫికెట్‌ను దానంతట అదే రిన్యూ చేసే సర్ట్‌బాట్ లాంటి సాధనం పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు. అక్కడా ఒక గోతి ఉంది. కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీదకి వచ్చేస్తుంది, వెబ్ సర్వర్ మాత్రం రీలోడ్ కాకపోవడంతో మెమరీలో ఉన్న పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. లాగ్‌లో రిన్యువల్ విజయవంతం, బయట గడువు తీరిన సర్టిఫికెట్. రిన్యువల్ తర్వాత సర్వర్‌ను రీలోడ్ చేసే ఆదేశం కూడా జత చేస్తే గాని పని పూర్తి కాదు.

గడువు మరిచిపోవడం చిన్నవాళ్లకే పరిమితం కాదు. 2018 డిసెంబర్‌లో ఎరిక్‌సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరడంతో బ్రిటన్‌లో ఓ2, జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ మొబైల్ సేవలు స్తంభించాయి. 2020 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఇదే కారణంతో కొన్ని గంటలు ఆగిపోయింది. నిపుణుల బృందాలున్న చోటే ఇలా జరిగిందంటే, క్యాలెండర్‌లో రాసుకున్న తేదీని నమ్ముకుని ఒంటరిగా సైటు నడిపే మనిషి పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

పైగా తప్పు దిద్దుకోవడానికి దొరికే వ్యవధి కూడా కుదించుకుపోతోంది. 90 రోజుల సర్టిఫికెట్‌ను సాధారణంగా మూడింట ఒక వంతు గడువు ఉండగానే రిన్యూ చేస్తారు కాబట్టి, ఏదైనా తేడా వస్తే చూసుకోవడానికి నెల రోజులు ఉండేవి. 47 రోజులకు అదే లెక్క వేస్తే పదిహేను రోజులు. గడువు దగ్గరపడుతోందని గుర్తుచేసే మెయిళ్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆపేసింది. సైటును బయటి నుంచి రోజూ చూసి, మిగిలిన రోజుల లెక్క తగ్గితే హెచ్చరించే ఏర్పాటు ఇక సైటు యజమానే చేసుకోవాలి.

బ్రౌజర్ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే వీలే లేకుండా చేసే హెచ్‌ఎస్‌టీఎస్ సెట్టింగ్‌ను ఈ దృష్టితోనే చూడాలి. 2012 నుంచి ప్రమాణంగా ఉన్న మంచి రక్షణ అది. ఏడాది గడువుతో దాన్ని తొలిరోజే పెట్టేసి, రెండు నెలల తర్వాత రిన్యువల్ విఫలమైతే, అప్పటికే సైటు చూసి ఉన్న ప్రతి సందర్శకుడూ బయటే నిలబడిపోతాడు. మొదట కొన్ని నిమిషాల గడువుతో మొదలుపెట్టి, కనీసం ఒక రిన్యువల్ మనిషి చెయ్యి పడకుండా జరిగాక పెంచుకుంటూ పోవడం క్షేమం. ఆ రిన్యువల్ జరిగిందో లేదో ప్యానెల్‌లోని పచ్చ టిక్కును బట్టి తేల్చకూడదు. వేరే నెట్‌వర్క్ నుంచి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరుతో ఒకసారి, లేని పేరుతో ఒకసారి సైటు తెరిచి, సర్టిఫికెట్ వివరాల్లో చెల్లుబాటు మొదలైన తేదీ మారిందో లేదో చూడాలి.